రీలు తోక

చాలా ఏళ్ళుగా నేనొకటి మోస్తున్నాను. మొదట్లో అది బరువని నాకు తెలియలేదు. గెలుపు అనుకున్నాను. పొద్దున్నే షాపు షట్టర్ పైకి లేపి, రోడ్డుకి అవతల ఉన్న బస్టాపు వైపు చూసి, లోపల్లోపల నవ్వుకుని, ఆ తర్వాతే అగరబత్తి వెలిగించేవాణ్ణి. దేవుడికంటే ముందు నా పగకి దండం పెట్టుకున్న మనిషిని. ఇలాంటివాడు చెప్పేది ఎందుకు వినాలని మీకు అనిపిస్తే ఇక్కడే ఆపేయండి. ఆపరనే నా ఆశ. ఇన్నాళ్ళకి చెప్పుకోవడానికి మీరే దొరికారు. పేరు మాత్రం అడక్కండి. మేడ్చల్‌లో హైవే పక్కన ఫోటో స్టూడియో పెట్టుకుని బతికే మనిషినని తెలిస్తే చాలు.

ఆ బస్టాపులో ఒక బోర్డు ఉంది. దాని మీద ఒక ఆడమనిషి ముఖం. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. చుట్టూ ముద్రించిన పూలదండ. కింద ‘కీ.శే. లక్ష్మమ్మ గారి జ్ఞాపకార్థం’ అని, ఆ కింద ఇంకాస్త పెద్ద అక్షరాల్లో కొడుకు మోహన్ పేరు. కండ్లకోయ కాలేజీలకు పోయే పిల్లలు ఆ బోర్డుకే వీపు ఆనించి బస్సు కోసం చూస్తుంటారు. అందరికీ ఆవిడ లక్ష్మమ్మ.

ఆవిడ లక్ష్మమ్మ కాదు. ఆ సంగతి వాళ్ళ ఇంట్లోవాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు. అలా ఎందుకయిందో మాత్రం నాకొక్కడికే తెలుసు.

రోజూ చూసేదే కదా, చూసి చూసి కంటికి ఆనకుండా పోవాలి. పోలేదు. ఆ బోర్డు చూడగానే నాకు రైలు గుర్తొస్తుంది. షాపులో ఒక మూల చిన్న టీవీ ఉంది. సాయంత్రాలు గిరాకీ లేనప్పుడు ఏదో ఒక చానల్ నడుస్తుంటుంది. అందులో గోదావరి కనిపించినా, పడవ కనిపించినా, చానల్ మార్చేస్తాను. మార్చినంత మాత్రాన ఏమవుతుంది? అప్పటికే బాసర మెట్లు కళ్ళ ముందుకి వచ్చేసి ఉంటాయి.

మోహన్, నేను బళ్ళో ఒకే బెంచీ. వాళ్ళది శామీర్‌పేట పోయే దారిలో భూములున్న ఇల్లు. మా నాయిన దర్జీ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బడి అయ్యాక నేను మా ఇంటికి పోయిన రోజులకంటే మోహన్ వాళ్ళింటికి పోయిన రోజులే ఎక్కువ. లక్ష్మమ్మ వాడి తల్లి. నేను పెద్దమ్మా అనేవాణ్ణి. ఇద్దరికీ ఒకే కంచంలో కలిపి పెట్టేది. పెద్ద ముద్ద ఎవరికి వచ్చిందని మేం కొట్టుకుంటే, నెత్తి మీద చెరొకటి ఇచ్చేది. ఇంట్లో పనివాళ్ళ పిల్లల్ని ఎలా చూస్తారో నాకు తెలుసు. నన్ను అలా చూడలేదు. ఇది ముందే చెప్పాలి. నేను ఎవరికి అన్యాయం చేశానో మీకు ముందే తెలియాలి.

తొంభైల మొదట్లో సంగతి. నేను సికింద్రాబాద్‌లో ఒక స్టూడియోలో పని నేర్చుకుని, వాడిన కెమెరా ఒకటి కొనుక్కుని, మేడ్చల్‌లో చిన్న గది తీసుకున్నాను. అదే ఏడు మోహన్ అక్క కొడుక్కి బాసరలో అక్షరాభ్యాసం పెట్టుకున్నారు. నన్నూ రమ్మన్నారు. మేడ్చల్ స్టేషన్‌లో చిన్న లైను, అదే మీటర్ గేజి రైలెక్కాం. అప్పటికి పెద్ద లైను పడలేదు. రైలు ఎంత నింపాదిగా పోయేదంటే, ఒకచోట మోహన్ దిగి, పక్కనే కొంత దూరం నడిచి, మళ్ళీ ఎక్కి అందర్నీ నవ్వించాడు. నేను తలుపు దగ్గర కూర్చుని నా కొత్త పిచ్చి కొద్దీ కనిపించిందల్లా తీశాను. మక్క చేలు. సిగ్నల్ కింద పడుకున్న మేకలు. గాలికి లేచి నిలబడ్డ మోహన్ జుట్టు. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడైనా ఉన్నానా? గుర్తులేదు.

పెద్దమ్మ మాత్రం కెమెరా తన వైపు తిరిగితే చాలు, కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. ఆమె ఈడు ఆడవాళ్ళలో చాలామంది అలాగే అనేవాళ్ళు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఫోటో దిగలేదు. ఓటరు కార్డుల మీద ఫోటోలు కూడా అప్పటికి రాలేదు.

అక్షరాభ్యాసం అయింది. మోహన్ వాళ్ళ అక్క పిల్లల్ని వేసుకుని పడవ ఎక్కాడు. నేను ఒడ్డున మెట్ల మీద ఉన్నాను. పెద్దమ్మ స్నానం చేసి వచ్చి, తడి జుట్టు వీపు మీద పరుచుకుని, రెండు మెట్ల కింద కూర్చుంది. చుట్టూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, మెల్లగా అంది.

“గా డబ్బ ఇటు తిప్పు కొడకా. నన్నొక్కటి దియ్.”

“ఆయుసు తగ్గుతదంటివి గద పెద్దమ్మా?”

“తగ్గితె తగ్గని. నేను పోయినంక గోడకు ఏం వెడ్తరు మరి? గా బొట్టు మంచిగ రావాలె. నేనున్నన్ని దినాలు ఎవ్వలకు జూపకు.”

కెమెరా అద్దంలోనే మొహం చూసుకుంది. చిన్నగా కనిపిస్తుంది కదా, కళ్ళు చికిలించి, మరీ దగ్గరికి వచ్చి, చెదిరిన బొట్టు వేలితో దిద్దుకుంది. ఆమెకి ముందు పన్ను ఒకటి పక్క పన్ను మీదికి ఎక్కి ఉండేది. అది కనపడకుండా పెదవులు గట్టిగా మూసింది. ఒకటి తీశాను. “ఊపిరి వీల్చు పెద్దమ్మా” అన్నాను. ఫక్కున నవ్వింది. రెండోది అప్పుడు తీశాను. ఆ రీలులో అవే చివరివి. దూరంగా పడవలోంచి మోహన్ మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.

రీలు నేనే కడిగాను. మిగతా ఫోటోలన్నీ వాళ్ళకి ఇచ్చాను. పెద్దమ్మ మాట ప్రకారం ఆ రెండింటి నెగటివ్ ముక్కని కాగితంలో చుట్టి రేకు డబ్బాలో పెట్టాను. అప్పటికి నా మనసులో ఏ పాపమూ లేదు.

తర్వాతి ఏడు మోహన్ పెళ్ళి. ఫోటోలు నువ్వే తీయాలని వాడే అన్నాడు, నలుగురిలో అన్నాడు. నా మొదటి పెద్ద పెళ్ళి అది. కొత్త ఫ్లాష్ కొన్నాను. రంగు రీళ్ళు తెచ్చుకున్నాను. మా నాయిన రాత్రంతా కూర్చుని నాకు కొత్త చొక్కా కుట్టాడు. “పెద్దోళ్ళ పెండ్లి బిడ్డా, సక్కగ గనవడాలె” అని కాలరు రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టాడు.

తెల్లారి పందిట్లోకి పోయేసరికి పట్నం నుంచి వ్యాను దిగి ఉంది. వీడియో కెమెరా, పెట్టెలు, వైర్లు, వాళ్ళ ఫోటోగ్రాఫరు. మోహన్ పెళ్ళికొడుకు బట్టల్లో వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఫోటోలు వాళ్ళు తీస్తారని చెప్పాడు. వాళ్ళ లైటు పట్టే మనిషి రాలేదని చెప్పాడు. “జర నువ్వు పట్టురా. మనోనివే గద!” అన్నాడు.

మనోనివే గద. ఈ మాటని నేను ఎన్ని వేలసార్లు నమిలానో మీకు తెలియదు. కాదనొచ్చు కదా? సంచి భుజాన వేసుకుని ఇంటికి పోవచ్చు కదా? పోలేదు. పట్టాను. కొత్త ఫ్లాష్ ఉన్న సంచి భుజానికి వేలాడుతుంటే, కొత్త చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోతుంటే, లైటు నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాను. వీడియో మనిషి ‘ఎత్తు, ఇంకా ఎత్తు’ అని అరుస్తూనే ఉన్నాడు. అక్షింతలు పడే వేళకి నేను చెయ్యి మార్చుకుంటుంటే లైటు పక్కకి తిరిగింది. పీటల మీద నుంచి మోహన్ కేకేశాడు. “ఏయ్ లైటూ! గిటు గొట్టు!”

పందిరంతా నవ్వింది. పెళ్ళికూతురూ నవ్వింది. మా నాయిన ఒక మూల నిలబడి ఉన్నాడు. ఆయనొక్కడే నవ్వలేదు.

ఆ రోజు నుంచి మేడ్చల్‌లో నా పేరు లైటు. స్టూడియో బోర్డు మీద ఏం రాసుకున్నా సరే, అడిగితే లైటోని షాపు అనే చూపించేవాళ్ళు. మా నాయిన పోయినప్పుడు కూడా ‘లైటోళ్ళ నాయిన పోయిండంట’ అన్నారు. ఆ పెళ్ళి ఆల్బమ్‌లో నేనెక్కడా లేను. లైటు పట్టేవాడు ఫోటోలో పడడు.

ఇదా నీ పగ అని మీరు అనొచ్చు. ఇంత చిన్నదానికా అనొచ్చు. అవును, చిన్నదే. పెద్ద అవమానమైతే పోట్లాడేవాణ్ణి, చెయ్యి చేసుకునేవాణ్ణి, అందరికీ చెప్పుకునేవాణ్ణి. చెప్పుకుంటే ఎదుటివాళ్ళు నవ్వే అవమానం ఇది. దాన్ని కడుపులో పెట్టుకోవడం తప్ప దారి లేదు. కడుపులోనే పెరిగింది.

ఆ పెళ్ళిలోదే ఇంకొక సంగతి ఉంది. నేను దాన్ని చాలా ఏళ్ళు కావాలనే మర్చిపోయాను. మిట్టమధ్యాహ్నం, రెండు చేతులూ లైటుకి ఇరుక్కుని నేను నిలబడి ఉంటే, పెద్దమ్మ సల్ల గ్లాసు తెచ్చి తనే నా నోటికి అందించింది. కొంగుతో నా మొహం తుడిచింది. మెల్లగా చెవిలో చెప్పింది. “నా మీద గొట్టకు బిడ్డా, సిగ్గయితది.” సరేనన్నాను. ఆ తర్వాత ఆమె పందిట్లో ఎటు తిరిగితే అటు లైటు పడకుండా చూశాను. పట్నంవాడు తిట్టినా సరే, పక్కకి తిప్పేశాను. అందుకే ఆ వీడియోలో ఆమె ఉన్నచోటల్లా చీకటే ఉంది.

పెళ్ళయిన కొద్ది నెలలకే పెద్దమ్మ పోయింది. ఛాతీలో నొప్పి అంటే జీపులో పట్నం తీసుకుపోతున్నారు. పేట్ బషీరాబాద్ దాటకముందే ప్రాణం పోయింది. నేను పోయాను. ఏడ్చాను కూడా. నిజంగానే ఏడ్చాను. అది దొంగ ఏడుపు కాదని చెప్పడానికి నాకు ఏ సాక్ష్యమూ లేదు.

దినాలు దగ్గరపడ్డాయి. పీట మీద పెట్టి దండ వేయడానికి ఫోటో కావాలి. ఇల్లంతా వెతికారు. వీడియో క్యాసెట్టు ఆపి ఆపి చూశారు. కొంగు, వీపు, చీకటి. మోహన్ నా షాపుకి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. బల్ల మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు.

“బాసరల మా అమ్మను దీసినవ్ గదరా. పడవలకెళ్ళి జూసిన నేను. గా ఫోటో గావాలె.”

ఇప్పుడు నేను చెప్పేది నమ్మండి. వాడు అడగ్గానే నా చెయ్యి డబ్బా దాకా పోయింది. ఇచ్చేద్దామనే పోయింది. బయట వాడి బండి మీద కూర్చున్న వాడి బామ్మర్ది ఎవరితోనో ‘గిదే లైటోని షాపు’ అన్నాడు. చెయ్యి వెనక్కి వచ్చింది.

“గది రాలేదు మోహన్.”

“రాలేదంటే ఏంది?”

“రీలు మీద లైటు పడ్డది.”

ఆ మాట దానంతట అదే వచ్చింది. వచ్చాక, ఎంత చక్కగా కుదిరిందో నాకే తెలిసి ఒళ్ళు ఝల్లుమంది. రీలు వెనక్కి చుట్టకముందే మూత తెరుచుకుందని, పై చుట్టులో ఉన్న చివరి ఫోటోలు మాడిపోయాయని చెప్పాను. నన్ను లైటు పట్టమన్నావు కదా, ఇదుగో లైటు, పట్టుకో. ఇది లోపల అన్నాను. పైకి తల వంచుకున్నాను.

“మొఖం గనవడేంతన్న లేదారా?”

“లేదు.”

వాడు కదల్లేదు. నమ్మలేదేమో అని భయం వేసింది. లోపలికి పోయాను. మా పనిలో ఒక సంగతి ఉంది. కెమెరాలో రీలు ఎక్కించేటప్పుడు ముందు కొంత భాగం వెలుతురులోనే బయటికి లాగాలి. కడిగాక ఆ ముక్క బొగ్గులా నల్లగా వస్తుంది. ప్రతి రీలుకీ అలాంటి తోక ఒకటి ఉంటుంది. కత్తిరించి పారేస్తాం. ఆ వారమే దేవరయాంజాల్ గుడిలో ఉత్సవం తీసి వచ్చాను. ఆ రీలు తోక బుట్టలో ఉంది. తీసి తుడిచి, తెచ్చి మోహన్ చేతిలో పెట్టాను. ఇదిగో, చూడు, ఇంతే మిగిలింది అన్నాను.

వాడు దాన్ని గుమ్మం దగ్గర ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

“ఇండ్ల ఉన్నదా మా అమ్మ?”

“ఉండె. ఇప్పుడు లేదు.”

ఆ ముక్కని చొక్కా జేబులో పెట్టుకుని పోయాడు. నేను షట్టర్ సగం దించి కూర్చున్నాను. అంత తృప్తి నా జన్మలో ఎరగను. ఫోటో లేదన్న వాడి దుఃఖం మర్నాటి దాకా కూడా నిలవకపోయినా సరే, దానికి కారణం నేను. అది చాలనిపించింది.

కానీ కథ అక్కడితో ఆగలేదు. మర్నాడు వాడే మళ్ళీ వచ్చాడు, ఒక గుంపు ఫోటోతో. పెద్దమ్మ చెల్లెలు సత్తెమ్మది దేవరయాంజాల్. భర్త పోయి చాలా ఏళ్ళయింది. అక్కాచెల్లెళ్ళు అచ్చు గుద్దినట్టు ఉంటారని అందరూ అనేవాళ్ళు. ఆమె కూతురి పెళ్ళిలో తీసిన గుంపులో ఆమె ముఖం చక్కగా పడింది. దాన్నే పెద్దగా చేసి అమ్మ ఫోటోగా పెడదామని పెద్దలు తేల్చారట. సత్తెమ్మ కూడా సరేనందట. ‘అమ్మ ముత్తైదువుగ వోయింది, బొట్టు వెట్టి ఇయ్యి’ అన్నాడు మోహన్.

ఆపడానికి అదే సమయం. డబ్బా నా మోకాలి దగ్గర బల్ల కింద ఉంది. ఆపలేదు. గుంపులోంచి ఆమె తల విడిగా పెద్దది చేశాను. సన్న కుంచె తీసుకుని, బతికున్న ఆడమనిషి, మొగుడు పోయిన ఆడమనిషి, ఆమె నుదుటి మీద గుండ్రంగా బొట్టు దిద్దాను. దాని మీద వాళ్ళు దండ వేసి దీపం పెట్టారు. నేను దినాలకి పోయి, బంతిలో కూర్చుని అన్నం తిని వచ్చాను. నీ తల్లికి దండ కూడా నువ్వు వేసుకోలేవురా, ఇంకొకరి మొహానికి మొక్కుతున్నావు అని ముద్ద ముద్దకీ అనుకున్నాను. ఆ ఇంటి అన్నమే తింటూ అనుకున్నాను.

తర్వాత రోజులు మారాయి. భూముల రేట్లు పెరిగాయి. మోహన్ ప్లాట్లు వేశాడు, తెల్ల చొక్కాలు తొడిగాడు, మోహనన్న అయ్యాడు. తల్లి పేరుతో నా షాపు ఎదురుగానే బస్టాపు కట్టించాడు. బోర్డు మీద ఆ ముఖమే. పొద్దున్నే షట్టర్ లేపి నేను నవ్వుకునేది అప్పటి నుంచే. వాడు దండలు వేసి, ఫోటోలు దిగి, ఉపన్యాసాలు చెబుతుంటే నేను రోడ్డుకి ఇవతల కూర్చుని టీ తాగేవాణ్ణి. ఆ టీ ఎంత రుచిగా ఉండేదో!

ఒకరోజు సత్తెమ్మ బస్సు దిగింది. తన బొమ్మ కిందే, కీ.శే. అన్న అక్షరాల కిందే నిలబడి, చేతి సంచి సర్దుకుంటోంది. ముందు నవ్వు వచ్చింది, దాచను. తర్వాత ఆమె తల పైకెత్తి ఆ బోర్డుని చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. రోడ్డు దాటి నేరుగా నా దగ్గరికే వచ్చింది. తిడుతుందనుకున్నాను.

“గది నువ్వే జేసినవంట గద బిడ్డా. నాకొక్కటి ఇయ్యరాదా? చిన్నది. పెట్టెల దాసుకుంట.” సంచి పట్టీ చేతికి చుట్టుకుంటూ అంది. “నా మొఖానికి బొట్టు జూడక ఎన్నేండ్లాయెనో. సచ్చినోళ్ళ పేరు మీదనన్న వెట్టినవ్.”

చిన్నది ఒకటి తీసి ఇచ్చాను. బస్సులో కూర్చుని కూడా దాన్నే చూసుకుంటోంది. ఆ రోజు నుంచి నా నవ్వు మునుపటిలా రాలేదు. అయినా నవ్వేవాణ్ణి. అలవాటైపోయింది.

మొన్న ఎండాకాలంలో సత్తెమ్మ పోయింది. మోహన్ కారులో వచ్చాడు. జుట్టుకి రంగు, మెడలో గొలుసు. “ఏం లైటూ, మంచిగున్నవా?” అన్నాడు, ప్రేమగానే. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో వాడికి గుర్తే లేదు. మాటల్లో అడిగి చూశాను. ‘ఏమోరా, ఎవడు వెట్టిండో’ అన్నాడు. నేను ఇన్నేళ్ళు నిద్ర మానుకుని పెంచుకున్న పగ మొత్తం వాడికి గుర్తులేదు! ఆ క్షణంలో డబ్బా తీసి వాడి మొహాన కొట్టాలనిపించింది. ఇవ్వడానికి కాదు, ఏడిపించడానికి.

వాడు ఒక చిన్న ఫోటో బల్ల మీద పెట్టాడు. చిన్నమ్మ పెట్టెలో దొరికిందట. మంచి ఫోటో ఇంకోటి లేదట. దినాలకి కావాలి. ‘గా బొట్టు దీసెయ్ రా. మా అమ్మ తీరు గనవడ్తాంది’ అన్నాడు.

కుంచె కాలం పోయింది కదా, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నేను పెట్టిన బొట్టుని నేనే చెరిపాను. వాడు నా వెనక నిలబడి చూస్తున్నాడు. ఉన్నట్టుండి పర్సు తీసి, అందులో దేవుడి బొమ్మ వెనక నుంచి ఒక నల్లటి ముక్క బయటికి లాగాడు. అంచులు చిరిగి, మధ్యలో మడత పడి ఉంది.

“యాది ఉన్నదా? నువ్విచ్చిందే. గా బోర్డు మీద ఉన్నది చిన్నమ్మ గదరా. మా అమ్మ ఇండ్లనే ఉన్నది. అప్పుడప్పుడు ఎండకు వట్టి జూస్త. ఏం గనవడది. అయినా జూస్త.”

అది గుడి ఉత్సవం రీలు తోక. అందులో ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు.

ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. ఆ రోజు చెప్పకపోవడానికి పగ కారణం కాదు. నెగటివ్ ఇస్తే ఆ ముక్క ఏమిటో కూడా చెప్పాలి. పదిహేనేళ్ళకి పైగా వాడు పర్సులో పెట్టుకుని మొక్కింది చెత్తబుట్టలోదని చెప్పాలి. దానికి నాకు నోరు రాలేదు. ఇది జాలా? పిరికితనమా? రెండూ కాక, ఇంకా ఎక్కడో మిగిలిన కసేనా? తేల్చుకోలేకపోయాను. ఫోటో కవరులో పెట్టి ఇచ్చాను. వాడు భుజం తట్టి వెళ్ళిపోయాడు.

వాడు పోయాక డబ్బా తీశాను. కాగితం పొడిపొడిగా రాలింది. నెగటివ్ బాగానే ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తెర మీద ముఖం వచ్చింది.

ఎవరీమె అనుకున్నాను.

అవును. అదే అనుకున్నాను. ఎవరి ముఖం దాచి వాడిని ఏడిపించాలనుకున్నానో, ఆ ముఖం నాకే గుర్తులేదు. రోజూ బోర్డు చూసి చూసి, పెద్దమ్మ అంటే నాకూ సత్తెమ్మ ముఖమే వచ్చేది. కలలో సల్ల గ్లాసు అందించింది కూడా సత్తెమ్మే. ఆ పక్క పన్ను మీదికి ఎక్కిన పన్ను చూశాక గుర్తుపట్టాను. తడి జుట్టు, వేలితో దిద్దుకున్న బొట్టు, ఆ నవ్వు. నేనున్నన్ని దినాలు ఎవ్వలకు జూపకు అంది. ఆమె పోయాక కూడా చూపించలేదు. ఆ ఇంట్లో నాకు అన్నం పెట్టింది మోహన్ కాదు, ఆమె. గోడ మీద చోటు అడిగింది ఆమె. నేను లేకుండా చేసింది ఆమెను. మోహన్‌కి ఏమైంది? పర్సులో ఒక నల్లటి ముక్క ఉంది, దానితో వాడు బాగానే ఉన్నాడు.

ఆ నవ్విన ఫోటోని పెద్దది చేసి, చట్రం కట్టి, షాపు ముందు అద్దాల బీరువాలో పెట్టాను. పెళ్ళిజంటలు, పుట్టినరోజు పిల్లలు, వాళ్ళ మధ్యలో. రోడ్డుకి ఎదురుగా. ఇప్పుడు అక్కాచెల్లెళ్ళు హైవేకి అటొకరు ఇటొకరు నిలబడి ఒకరినొకరు చూసుకుంటున్నారు. మోహన్ కారు రోజూ ఈ దారినే పోతుంది. అద్దాలు నల్లవి. లోపల నుంచి చూస్తున్నాడో లేదో తెలియదు. చూడాలని పెట్టానా, చూసి కుప్పకూలాలని పెట్టానా? నిన్నటి దాకా ఒకలా అనిపించింది, ఇవాళ ఇంకోలా అనిపిస్తోంది. కారు శబ్దం వినపడితే మాత్రం లేచి నిలబడుతున్నాను.

వాడు ఆగి, దిగి, లోపలికి వస్తే ఏం చెప్పాలో ఇన్నాళ్ళూ నాకు మాటలు దొరకలేదు. మీకు చెబుతుంటే దొరికాయి. పెద్దగా ఏమీ లేవు. ఒక్క ముక్కే. మోహన్, ఆ రీలు మీద లైటు పడలేదు.